ఏటికొక పాటల కూర్పు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



కరణీకములు ఉన్న కాలమున, జూన్ 30వ తేదీతో ఫసలీ సంవత్సరము ముగియగానే గ్రామలెక్కలకు జమాబందీ జరుగుచుండెడిది. ఎంత భూమి సాగైనది, ఎంత శిస్తు వసూలైనది, ఎంత బాకీ నిలిచినది అని సరిచూచి అధికారి చేవ్రాలు చేసినగాని ఆ యేడు ముగిసినట్లు కాదు. ఇట్టి సరిచూపును తాము వినిన పాటలకును చేసికొనువారు కలరు. ఏడాది పొడుగున చెవిని బడిన వందలాది పాటలలో పట్టుమని పదునారింటిని ఏరి, ఒక వరుసను గూర్చి, తమవంటి రసికులకు పంచిపెట్టుట వారి యలవాటు. ఇది పొద్దుపోని పనివలె దోచును గాని, దీనికి వెనుక సంకలనమను పురాతనమైన విద్య కలదు.

ప్రాకృతమున కోటి గాథలు ఉండగా హాలుడు వానినుండి 700 మాత్రము ఏర్చి కూర్చెనని గాథాసప్తశతియే చెప్పుచున్నది. కోటి యనుట అతిశయోక్తి కావచ్చును. ఏరువాడు ముందుగా ఎంత వినవలయునో ఆ మాట తెలుపుచున్నది. తెలుగున మడికి సింగన సకలనీతిసమ్మతమును, పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరమును కూర్చిరి. వారు గ్రహించిన పద్యములకు మూలములైన కావ్యములలో కొన్ని నేడు లభింపవు. కావ్యములు పోయినను, రసికుడొకడు మెచ్చి వ్రాసి యుంచుకొనిన పద్యములు నిలిచినవి.

పాటల విషయమున ఏటి చివరి లెక్కను జనసామాన్యమునకు అలవాటు చేసినది రేడియో. 1952లో బి.వి. కేస్కరు గారు సమాచార ప్రసార శాఖకు మంత్రి యైన పిమ్మట ఆకాశవాణిలో సినిమాపాటలకు చోటు సన్నగిల్లెను. శ్రోతలు రేడియో సిలోను వైపు మరలిరి. ఆ కేంద్రమునుండి 1952 డిసెంబరులో బినాకా గీత్‌మాలా యను హిందీ పాటల కార్యక్రమము ఆరంభమయ్యెను. అమీన్ సయానీ గారి కంఠమే దానికి ప్రాణము. వారమువారము పాటలకు మెట్లు కట్టి, ఏటి చివర సాంవత్సరిక పట్టికను వినిపించెడివారు. రికార్డుల అమ్మకమును, ఊరూర వెలసిన శ్రోతల సంఘముల అభిప్రాయములను చూచి ఆ పట్టికను కూర్చుచుండిరి. 1957 అక్టోబరు 3వ తేదీన ఆకాశవాణివారు వివిధభారతిని నెలకొల్పిన తరువాతను దానికి ఆదరము తగ్గలేదు.

అయితే అది పదుగురు మెచ్చినదాని లెక్క. ఒక మనుష్యుడు తన మనస్సునకు నచ్చిన పాటలను తానే కూర్చి మిత్రుని చేతిలో పెట్టవలెనన్న సామాన్యులకు సాధనము లేకుండెను. ఫిలిప్సు సంస్థవారు 1963లో వెలువరించిన చిన్న క్యాసెట్టు ఆ కొరత తీర్చెను.

గోదావరి డెల్టాలోని యొక గ్రామమున 1980వ దశకమున ముగ్గురు మిత్రులు ఈ పనిని ఏటేట చేసిరి. ఒకరు బడిపంతులు, ఒకరు రైతు, మూడవవాడు రేడియోలు మరమ్మతు చేయు మెకానిక్కు. కొత్త అమావాస్య నాటికి తలకొక క్యాసెట్టు సిద్ధము కావలెను. మరునాడు ఉగాది పచ్చడి తినిన పిమ్మట రామాలయపు అరుగుమీద కూర్చుండి, ఒకరి కూర్పును ఒకరు వినవలెను. ఇది వారి కట్టుబాటు. పంతులును రైతును పాటల పేర్లు కాగితముపై వ్రాసి, ఖాళీ క్యాసెట్టుతో కూడ పట్టణములోని రికార్డింగు దుకాణమున ఇచ్చి వచ్చెడివారు. మెకానిక్కునకు సొంత పరికరము ఉండెను.

60 నిమిషముల క్యాసెట్టునకు ఒక్కొక్క వైపు అరగంట. సినిమాపాట సుమారు మూడున్నర నిమిషములు. ఎనిమిది పాటలకు 28 నిమిషములు పోగా, నడుమనడుమ విరామమునకు కొన్ని క్షణములు విడిచినచో, మిగులునది నిమిషము పైచిలుకు మాత్రమే. తొమ్మిదవ పాటను పెట్టినచో చరణము నడుమ టేపు అయిపోవును. కావున రెండు వైపులకును కలిపి పదునారు పాటలే. పదునేడవ దానిని విడుచుటయే వారికి కష్టమైన పని. ఒక యేడు రైతు రెండు వారములు తర్జనభర్జన పడి, తుదకు తన తల్లికి ప్రియమైన పాటను ఉంచి, తనకు ప్రియమైన పాటను తీసివేసెను.

వరుసకు వారు సంగీత కచేరీని ఒరవడిగా గైకొనిరి. అరియకుడి రామానుజయ్యంగారు (1890-1967) రూపుదిద్దిన పద్ధతిలో మొదట వర్ణము, పిదప చురుకైన కృతులు, నడుమ విస్తారమైన రాగాలాపనము, తరువాత తేలికపాటి రచనలు, తుదకు మంగళము వచ్చును. అదే తీరున క్యాసెట్టులో మొదటి పాట వినువానిని పిలిచి కూర్చుండబెట్టవలెను. రెండు శోకగీతములు ఒకచోట ఉండరాదు. చివరి పాట ముగిసిన పిమ్మట వెంటనే లేచిపోబుద్ధి కాకుండవలెను.

1981 ఉగాదికి ముగ్గురి కూర్పులందును, అంతకుముందటి యేడు విడుదలైన శంకరాభరణము పాటలు ఉండెను. అందు వివాదము లేదు. మెకానిక్కు మాత్రము 1951 నాటి మల్లీశ్వరి చిత్రమునకు సాలూరి రాజేశ్వరరావుగారు కూర్చిన పాటను ఒకదానిని చేర్చెను. ముప్పదియేండ్ల పాట ఈ యేటి లెక్కలోనికి ఎట్లు వచ్చునని పంతులు ఆక్షేపించెను. దానికి మెకానిక్కు చెప్పిన సమాధానమిది: "పంతులుగారూ, పాట పుట్టింది అప్పుడే. ఒకరి రేడియో బాగుచేసి మీట తిప్పగానే మొదట పలికింది ఈ పాట. నేను చెవిపెట్టి విన్నది ఈ యేడే. నా లెక్కలో ఇది ఈ యేటిదే." పంతులు బదులు పలుకలేదు. మరుసటి ఉగాదికి ఆయన క్యాసెట్టులోను ఒక పాతపాట వినవచ్చెను.

కొన్నేండ్లకు మెకానిక్కు కాలధర్మము నొందెను. చాలకాలము గడచిన పిమ్మట ఆతని కుమారుడు పెట్టె తెరచి చూడగా క్యాసెట్టులకు బూజు పట్టి, టేపు చుట్లు అంటుకొనిపోయి యుండెను. ఒక్కటియు పలుకలేదు. కాని ప్రతి డబ్బాలోని అట్టముక్కపైనను పదునారు పాటల పేర్లు, చిత్రము, కవి, సంగీతకర్త, గాయకుల పేర్లు ముత్యములవంటి అక్షరములతో వ్రాసి యుండెను. కొన్నిటి కెదుట చిన్నమాటలును ఉండెను. ఒకచోట "86 వరద తీసిన మర్నాడు" అని, మరియొకచోట "పంతులుగారి కోసం" అని. ఆ అట్టముక్కల యాధారమున కుమారుడు పాటలను మరల సేకరించి, ఆ వరుసనే కూర్చి, మిగిలిన యిద్దరికిని అదే అరుగుమీద వినిపించెను. మొదటి ఎనిమిది పాటలు ముగియువరకు రైతు తల యెత్తలేదు.

నేడు క్యాసెట్టులు పోయినవి. పాటలు చేతిఫోనులోనికి వచ్చినవి. 2016 నుండి స్పాటిఫై సంస్థవారు ఏటి చివర ప్రతి శ్రోతకును, ఆతడు ఏ పాటను ఎక్కువసారులు వినెనో లెక్కకట్టి పంపుచున్నారు. ఆ లెక్కలో తప్పు లేదు. కాని వరద తీసిన మర్నాడు ఒక్కమారు వినిన పాటకు అందు స్థానము దొరకదు. పంతులుగారి కోసమని చేర్చిన పాటను యంత్రము ఎరుగజాలదు. లెక్కించుట యంత్రమునకు వచ్చును. ఎవరికొరకు ఏరవలెనో మిత్రునికే తెలియును.

ఈ గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన శుభసమయమున చేయదగిన పని యొకటి కలదు. ధ్వనిముద్రణలకు 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము వర్తించును గనుక, పాటల ప్రతులు తీసి పంచుటకు గ్రంథాలయము పూనుకొనరాదు. పట్టిక వ్రాసి యుంచుటకు ఆటంకము లేదు. ఒక గట్టి అట్ట పుస్తకమును బల్లపై నుంచవలెను. ఉగాదికి ముందు పాఠకులలో ఇష్టమైనవారు తలకొక పుటలో పదునారు పాటలను వరుసగా వ్రాయవలెను. కవి పేరు మరువరాదు. ఎందుకు ఏరితిరో ఒక్క మాట చేర్చవలెను. సినిమాపాటయే కానక్కరలేదు, నాట్ల పాట, జోలపాట, భజనకీర్తన ఏదైనను సరియే. పాడినవారి పేరు తెలియని పాటకు, అది ఏ వీధిలో ఎవరినోట వినబడినదో వ్రాసినను చాలును.

ఒక తరము గడచిన పిమ్మట ఆ పుస్తకమును తెరచువారికి, ఈ యూరివారు ఏ యేట ఏమి విని సంతోషించిరో, ఎవరిని తలచుకొనిరో తెలియగలదు. మొదటి పుటను వచ్చు ఉగాదికి వ్రాయవచ్చును.

స్వస్తి.