మన జేజిల కాలంలో జబ్బు చేస్తే

(రోగుల బంధువులకు సిస్టరు గారు చేసిన ప్రసంగం)



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుండి మీరు బస్సుల్లో, ఆటోల్లో వచ్చారు. ఆపదలో 108కి ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. మన జేజిల కాలంలో ఇవేవీ లేవు. పందొమ్మిదో శతాబ్దం చివరలో లండన్ మిషన్ వైద్యుడు డాక్టర్ క్యాంప్‌బెల్ జమ్మలమడుగులో ఆసుపత్రి ప్రారంభించారు. కానీ పులివెందుల నుండి ఎద్దుబండిలో అక్కడికి చేరాలంటే ఒక పగలు చాలదు. దారిలో పెన్న దాటాలి. ఏరు పారితే ఆగిపోవలసిందే. అందుకే చాలామందికి ఇల్లే ఆసుపత్రి, జేజే డాక్టరు.

వాళ్లు తెలివిలేనివారు కారు. జలుబుకు మిరియాల కషాయం, నీరసానికి పలుచని గంజి ఇచ్చేవారు. ఇంట్లో అమ్మవారు పోస్తే గడపకు వేపమండలు కట్టి, బయటివారిని రానిచ్చేవారు కాదు. అలా చేయడం వల్ల మశూచి పక్కింటికి అంటడం కొంత తగ్గేది. అయితే దాన్ని లోకంలో లేకుండా చేసింది టీకానే. మశూచి పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

కానీ ఒక అలవాటు ఎందరో బిడ్డలను బలి తీసుకుంది. వాంతులు, భేదులు అయితే నీళ్లు ఆపేవారు. తాగితే ఇంకా ఎక్కువవుతాయని భయం. మా జేజి ఒక కొడుకును అలాగే పోగొట్టుకుంది. "నీళ్లు నీళ్లు అని అడిగినాడమ్మా, ఈయొద్దన్నారు, నేను ఈయలేదు" అని ముసలితనంలో కూడా ఏడ్చేది. ప్రేమ లేక కాదు, తెలియక.

భేదుల్లో ప్రాణం తీసేది ముఖ్యంగా ఒంట్లోని నీరు, ఉప్పు తగ్గిపోవడమే. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా వ్యాపించింది. సెలైన్ చాలలేదు. డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు బంధువుల చేతనే తాపించారు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు 4 కంటే తగ్గాయి. ఆ ప్రాణాలు నిలబెట్టింది మీవంటి బంధువులే.

ఇప్పటికీ వార్డులో "సిస్టరమ్మా, నీళ్లు తాపొచ్చునా?" అని భయంగా అడుగుతారు. ఆపరేషను వంటి కారణంతో డాక్టరు వద్దంటే తప్ప, తాపండి. ఓఆర్ఎస్ పొట్లం మేలు. అది లేకుంటే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచాలు తలకొట్టి కొలవండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ కొద్దికొద్దిగా ఇవ్వండి. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపవద్దు.

కళ్లు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా, బిడ్డ మత్తుగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. దారిలో కూడా తాపుతూనే రండి. మత్తులో మింగలేని బిడ్డకు మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు.

మా జేజికి ఈ మాట చెప్పేవారు లేరు. మీరు విన్నారు. ఇంటికి పోయి మీ వీధిలో నలుగురికి చెప్పండి. సెలవు.