కంప్యూటరు దగ్గర కూర్చున్నవారూ కావాల్సినవారే

బంధువులారా, నర్సు కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకోనిదే ఉద్యోగంలో చేరకూడదని మీకు తెలుసు. మరి మీ వివరాలు కంప్యూటర్లో ఎక్కించేవారి సంగతి? 2021లో వచ్చిన జాతీయ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం వైద్య రికార్డుల పనినీ వృత్తుల జాబితాలో చేర్చింది. దానికీ చదువు ప్రమాణం, పేరు నమోదు ఉండాలంది. మంచిదే. అది గుమాస్తా పని అనుకోకండి.

మన నెమలిలో వేణుగోపాలస్వామి గుడి ఉంది కదా, ఆ పేరుగలవారు చాలామంది వస్తారు. ఒకరి రిపోర్టు మరొకరి కేసుషీటులో పడితే ప్రాణానికే ముప్పు. చిన్నప్పటి ఉద్యోగంలో నేనే ఇద్దరు గోపాల్‌ల చీటీలు తారుమారు చేయబోయాను. తండ్రి పేరు అడగబట్టి ఆగాను.

అందుకే ఊరు, వయసు, తండ్రి పేరు రెండుసార్లు అడిగినా విసుక్కోకండి. 14 అంకెల ఆభా నంబరుంటే చూపండి. చీటీ చేతికి రాగానే పేరు చదివించుకుని, తప్పుంటే అక్కడే దిద్దించండి.