పూర్వపక్షము



గ్రామపు లెక్కలు వ్రాసికొను నావంటివానికి తర్కమేల యని మీరనుకొనవచ్చును. జమ మాత్రమే వ్రాసి ఖర్చు వ్రాయని చిట్టా నెవరు నమ్ముదురు? తర్కమును నట్టిదే.

గౌతముని న్యాయసూత్రములలో చర్చ మూడు తెఱగులుగా చెప్పబడినది. తత్త్వము నెరుగగోరి ప్రమాణతర్కములతో చేయునది వాదము. గెలుపే కోరి ఛలముతోనైనను పోరునది జల్పము. తన పక్షమును నిలుపక పరపక్షమును ఖండించుటయే వితండ. మన అరుగులమీద జరుగునదేదో మీరెరుగుదురు.

ఆచార్య నాగార్జునుడు తనకు ప్రతిజ్ఞయే లేదని విగ్రహవ్యావర్తనిలో చెప్పెను. కావున వైతండికుడే యని పరిహసించి, ఈ గ్రంథాలయముననే ఒక యువకుని నోరు మూయించితిని. గ్రంథము చూచినది పిమ్మటనే. 1936లో రాహుల్ సాంకృత్యాయనుడు టిబెట్టులో దాని సంస్కృత ప్రతిని కనుగొనెను. అందు 70 కారికలు. మొదటి 20 ప్రతిపక్షివే! సర్వము శూన్యమైనచో నీ మాటయు శూన్యమే, అది దేనిని ఖండింపగలదని ప్రతిపక్షి అడుగును. ఇంతకంటె పదునుగా నేనడుగలేను. నాగార్జునుడు దానిని దాచలేదు, పలుచన చేయలేదు. శూన్యమనగా లేనిదని కాదు, ఇతరముల నాశ్రయించి కలిగినదని యర్థము. కుండ యట్టిదే యైనను నీరు పట్టుచున్నది, నా మాటయు నట్లే పనిచేయునని బదులు చెప్పెను.

ఆ బదులు నాకింకను పూర్తిగా సమ్మతము కాలేదు. ఆ యువకుడు నేడు వెనుక వరుసలో నున్నాడు. నాడతని మాట సగమే వింటిని. సభ ముగిసిన పిదప తక్కినది వినగోరుచున్నాను.