గాంధీతో ఒక నాస్తికుడు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు దాటి బెంజి సర్కిల్ వైపు వస్తే, పటమటలో నాస్తిక కేంద్రం ఉంది. గోరాగా పేరుపడ్డ గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో దాన్ని మొదలుపెట్టి, 1947లో బెజవాడకు తెచ్చారు. వృక్షశాస్త్రం చెప్పే ఈ అధ్యాపకుడు నాస్తికత్వం వల్లే కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

సత్యం గురించిన పుస్తకాలు చాలావరకు మాటలతో మొదలై మాటలతోనే ముగుస్తాయి. గోరా ఇంగ్లీషులో రాసిన ‘యాన్ ఎథీయిస్ట్ విత్ గాంధీ’ అలాంటిది కాదు. గాంధీ స్థాపించిన నవజీవన్ సంస్థే 1951లో దాన్ని అచ్చువేసింది. పేజీలు కొద్దివే. 1944 నుంచి గాంధీ ఆశ్రమం ఉన్న సేవాగ్రాంలో ఇద్దరి మధ్య సాగిన సంభాషణలే అందులోని విషయం.

‘దేవుడే సత్యం’ అంటూ వచ్చిన గాంధీ, 1931 నాటికే ‘సత్యమే దేవుడు’ అంటున్నారు. అది ఉత్త మాట కాదని తేలింది ఒక పెళ్లి విషయంలో. గోరా తన కుమార్తెను దళిత యువకుడికిచ్చి చేయదలిచారు. ఆ పెళ్లి ఆశ్రమంలో తానే జరిపిస్తానని, ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పిస్తానని గాంధీ ఒప్పుకున్నారు. అంతటి ఆస్తికుడు! ఇద్దరి వాదంలో ఎవరు నెగ్గారో పుస్తకం తేల్చదు. నాకు నచ్చిందీ అదే.

1948 జనవరి 30న గాంధీ హత్యకు గురయ్యారు. పెళ్లి ఆ మార్చిలో సేవాగ్రాంలోనే జరిగింది.