కాలిన చెయ్యి చెక్కిన నలుగురు

ఈ రోజు నాలుగు బొమ్మల గురించి మాట్లాడుకుందాం. నాలుగూ గుండ్రంగా ఉంటాయి. ఒక్కోదాంట్లో ఒక్కో మనిషి, ఒంటి మీద నూలుపోగు లేకుండా, గాల్లో దొర్లుతూ కింద పడిపోతుంటాడు.

1588లో నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ ఊళ్లో హెండ్రిక్ గోల్ట్సియస్ అనే ఆయన వీటిని రాగిరేకుల మీద చెక్కాడు. చెక్కిన గాళ్లలో ఇంకు నింపి, తడి కాగితం పెట్టి ప్రెస్‌లో నొక్కితే బొమ్మ అచ్చవుతుంది.

ఇంతకీ ఎవరీ నలుగురు? అందరూ గ్రీకు పురాణాలవాళ్లే. ఇకారస్ మైనంతో అతికించిన రెక్కలు కట్టుకుని, నాన్న వద్దన్నా సూర్యుడి దగ్గరికి ఎగిరాడు. మైనం కరిగింది, సముద్రంలో పడ్డాడు. ఫేథాన్ సూర్యుడి కొడుకు. నాన్న రథం నేనే తోలతానని మొండికేశాడు. గుర్రాలు అదుపు తప్పి భూమి తగలబడుతుంటే, జూపిటర్ పిడుగేసి పడగొట్టాడు. టాంటలస్ దేవుళ్లకే పరీక్ష పెట్టాడు. ఇక్సియాన్ ఏకంగా దేవతల రాణి మీదే కన్నేశాడు.

నలుగురూ హద్దు మీరినవాళ్లే. గర్వం తలకెక్కితే పడక తప్పదు, ఇదీ ఈ బొమ్మల నీతి. చుట్టూ అంచులో లాటిన్ పద్యాలు కూడా చెక్కి ఉంటాయి.

ఇప్పుడు ఆ చెక్కిన చెయ్యి సంగతి వినండి. గోల్ట్సియస్ పసిపిల్లాడిగా ఉన్నప్పుడు నిప్పుల్లో పడ్డాడు. కుడిచెయ్యి బాగా కాలింది. జీవితాంతం ఆ చెయ్యి పూర్తిగా చాపలేకపోయాడు. ఇది పుకారు కాదండీ, ఆయన్ని దగ్గరగా ఎరిగిన కారెల్ వాన్ మాండర్ 1604లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. ఆ 1588లోనే గోల్ట్సియస్ తన వంకరపోయిన కుడిచేతిని బొమ్మగా గీశాడు. అది ఇప్పటికీ హార్లెమ్‌లోని టేలర్స్ మ్యూజియంలో ఉంది.

మీ ఫోన్‌లో ఇకారస్ బొమ్మ తీసి జూమ్ చేయండి. ఉలి లోతుగా దిగినచోట గీత లావుగా, తేలిగ్గా సాగినచోట సన్నగా కనిపిస్తుంది. కండలు, నీడలు, మబ్బులు అన్నీ ఆ గీతలే. రాగి మీద తప్పు గీత పడితే దిద్దుకోవడం చాలా కష్టం.

నిప్పుల్లో పడ్డ మనిషే నిప్పు వల్ల పడిపోయినవాళ్లను చెక్కాడు. హద్దు దాటొద్దని బొమ్మ చెప్తోంది. కానీ "నీ చేతికి ఇంతే" అన్న హద్దును దాటకపోతే ఆ బొమ్మే లేదు కదా! ఇకారస్ ఒక్కరోజులో ఎగిరాడు. గోల్ట్సియస్ ఏళ్ల తరబడి సాధన చేశాడు. నాకైతే తేడా అక్కడే కనిపిస్తోంది. మీకేమనిపించిందో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.