ఓరుగల్లు రాయి - ఇంటిలోని గాలి

ఓరుగల్లు అనగా ఒంటిరాయి. ఏకశిలానగరమను పేరును దానినిబట్టియే వచ్చినది. గణపతిదేవుడు ఆరంభింపగా రుద్రమదేవి పూర్తి చేయించిన కోటగోడ గ్రానైటు రాతిదే. నేటికిని మన పునాదులు, మెట్లు, గడపలు ఆ రాతివే. ఆ రాతినుండి, దాని క్రింది నేలనుండి, కంటికి కనబడని వాయువొకటి మన యిండ్లలోనికి వచ్చుచున్నది. దాని పేరు రేడాన్.

యురేనియము అన్ని రాళ్ళలోను స్వల్పముగా నుండును. గ్రానైటులో సాధారణముగా కొంత హెచ్చు. అది క్షీణించి క్రమముగా రేడియమగును. రేడియమునుండి రేడాన్ పుట్టును. దీనికి రంగు లేదు, వాసన లేదు. నాలుగు దినములు నిండకమునుపే ఇది సగము నశించి, పొలోనియము మొదలగు వానిగా మారును. అవి ధూళి నంటుకొని ఊపిరితిత్తులలో చేరి కిరణములను వెలువరించును. ఊపిరితిత్తుల క్యాన్సరునకు పొగత్రాగుట తరువాత ముఖ్యకారణము రేడానే. పొగత్రాగు వారికి ఈ ముప్పు ఇతరులకంటె 25 రెట్లు అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కనుక చుట్ట, బీడీ మానుట మొదటి రక్షణ.

అట్లయిన రాతినేలను విడిచి పోవలెనా? అక్కరలేదు. ఆరుబయట రేడాన్ గాలిలో కలిసి చెదరిపోవును. మూసిన గదిలో చిక్కినదే పేరుకొనును. మన పెద్దల యిండ్లలో మట్టినేలనుండి ఈ వాయువు వచ్చెడిదే. కాని ఇంటి నడుమ ఆకాశము కనబడు వాకిలి దానిని వెలుపలికి పంపెడిది. నేడు మనము నేలకు గచ్చు వేసితిమి, అది మేలే. దానితోపాటు దోమలకని, దుమ్మునకని, ఎయిర్ కండిషనరుకని కిటికీలు బిగించితిమి. ఈ ప్రసంగము చదువుచున్న మా స్టూడియో సయితము తలుపులు బిగించిన గదియే! మేము కొంతసేపటికి వెలుపలికి పోవుదుము. క్రింది గదిలో మంచము పట్టిన ముసలివారు, చంటిబిడ్డలు పోలేరు.

రేడాన్‌ను కొలిచియే తెలిసికొనవలెను. చిన్న ఫిల్మును గదిలో మూడు నెలలు వ్రేలాడదీసి, దానిపై పడిన జాడలను లెక్కింతురు. హైదరాబాదు ఇండ్లలో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు ఇట్టి కొలతలు తీసిరి. ఘనమీటరు గాలిలో 100 బెకరెల్‌లకు మించకుండుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించినది. అది సాధ్యము కానిచోట 300 దాటరాదన్నది.

ఇక చేయవలసినవి. ఉదయము, సాయంకాలము ఎదురెదురు కిటికీలు తెరచి గాలి ఆడనీయుడు. నేలలోని పగుళ్ళను, గొట్టములు దూరిన సందులను సిమెంటుతో పూడ్పించుడు. కొలత మిక్కిలి హెచ్చుగా నున్నచో, గచ్చు క్రిందినుండి గొట్టము వేసి, పంకాతో ఆ గాలిని మిద్దెపైకి పంపు పద్ధతి కలదు. క్రొత్తగా ఇల్లు కట్టువారు పునాదినాడే ఆ గొట్టము వేయించినచో వ్యయము తక్కువ.

రేపు తెల్లవారగనే ఇంటిలోని కిటికీలన్నిటిలో, పెద్దలు నిద్రించు క్రింది గది కిటికీని ముందుగా తెరువుడు.