పాత కారునకు చల్లదనము
(మా సంఘపు కూటమియందు చదివిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై పురాణమును గూర్చియో, పిల్లల చదువును గూర్చియో మాటలాడుట వాడుక. ఈ మారు కార్యదర్శిగారు మమ్ము మోటారు పనిని గూర్చి చెప్పుమనిరి. కోయంబత్తూరు తెలుగువారికి ఇది పరాయి విషయము కాదు. జి. డి. నాయుడుగారి (1893–1974) ఊరివారము మనము. ఇనుమునకును నూనెకును వెరవని కుటుంబములు మనలో పెక్కు గలవు. మేమును నలువది యేండ్లు ఆ పనియందే బ్రదికితిమి. కావున 2023వ సంవత్సరపు వేసవిలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున, శాన్ ఆంటోనియో నగరమున, మా అన్నగారి పాత స్పోర్ట్సు కారునకు ఎయిర్ కండిషనర్ అమర్చిన వృత్తాంతమును మీకు విన్నవించెదము.

అన్నగారు 1968లో చదువునకై వెళ్లి అక్కడనే స్థిరపడిరి. 1973లో వారు కొన్న బండి 1970 నాటి ఎం.జి.బి. జి.టి. ఎం.జి.బి. బండ్లు ఇంగ్లండులోని యాబింగ్డన్ కర్మాగారమున 1962 మొదలు 1980 వరకు తయారైనవి. జి.టి. అనగా గట్టి పైకప్పు గల నమూనా. అది 1965లో వెలువడినది. ఇంజను 1798 సి.సి.; కార్బ్యురేటర్లు రెండు. చలిదేశమున పుట్టిన బండి గనుక దానికి హీటరు కలదు గాని చల్లదనమునకు ఏ యేర్పాటును లేదు.

ఏబది యేండ్లు అన్నగారును వదినగారును ఆదివారములందు ఆ బండిలోనే తిరిగిరి. కాని అన్నగారికి డెబ్బదియెనిమిదవ యేడు వచ్చినది. ఎండవేడిమి వారి గుండెకు తగదని వైద్యులు కట్టడి చేసిరి. ఆ వేసవిలో శాన్ ఆంటోనియోలో అనేక దినములు వేడిమి 38 డిగ్రీలను మించినది. అట్టి దినమున ఆ బండిలో కూర్చుండుట కుంపటిపై కూర్చుండుటయే. బండిని అమ్మివేయుటయే మేలని అన్నగారి కుమారుడు తలచెను. అన్నగారు ఔననలేదు, కాదనలేదు. సాయంకాలములందు షెడ్డులో ఆ బండిలో ఊరక కూర్చుండి లేచి వచ్చెడివారు. అది చూడ మాకు కష్టమయ్యెను.

అంతకు ముందటి యేడు ఒక పనిశాలవారు ఆ బండికి ఎయిర్ కండిషనర్ అమర్చియేయుండిరి. వారు ఇంజనునకును మనుష్యులు కూర్చుండు చోటికిని నడుమనున్న రేకుగోడయందు పిడికిలి పట్టునంత రంధ్రము కోసిరి. డాష్ బోర్డు క్రింద మోకాళ్లకు తగులునట్లు ఒక పెట్టెను వ్రేలాడదీసిరి. మొదటి ప్రయాణముననే రేడియేటరు మరిగిపోయినది. బండి రాజమార్గముపై ఆగిపోగా వదినగారు మిట్టమధ్యాహ్నము గంటసేపు ఎండలో నిలువవలసి వచ్చినది. నాటినుండి ఆమె ఆ బండి ఎక్కనని పట్టుపట్టిరి. కావున మా యెదుట నున్నది యంత్రమును బాగుచేయుట మాత్రమే కాదు. పోయిన నమ్మకమును తిరిగి తెచ్చుట.

మొదట ఈ యంత్రము పనిచేయు విధమును క్లుప్తముగా చెప్పెదము. ఇది చల్లదనమును పుట్టింపదు; లోపలి వేడిమిని మోసికొనిపోయి వెలుపల పారవేయును. ఇంజను బెల్టుతో తిరుగు కంప్రెసరు వాయువును అదిమి వేడెక్కించును. రేడియేటరు ముందు నిలుచు కండెన్సరులో ఆ వాయువు తన వేడిమిని వెలిగాలికి విడిచి ద్రవమగును. అందలి తేమను ఒక చిన్న డబ్బా పీల్చుకొనును. పిదప సన్నని వాల్వు గుండా జారిన ద్రవము ఎవాపరేటరు అను జాలిలో మరల వాయువగుచు, లోపలి గాలినుండి వేడిమిని లాగుకొనును. మట్టికుండలోని నీరు చల్లబడుటకు కారణమైన ధర్మమే ఇదియును.

కర్మాగారముననే చల్లగాలి యంత్రమును అమర్చిన మొదటి కారు ప్యాకర్డ్ వారి 1940 నమూనా. దాని యెవాపరేటరు వెనుక సామానుల అరలో ఉండెడిది. 1954లో న్యాష్ వారు భాగములన్నిటిని బండి ముందువైపుననే ఇమిడ్చిరి. యంత్రము లేని బండ్లకు తరువాత అమర్చు పెట్టెలను చేయు సంస్థలు టెక్సస్‌లోనే, డాలస్, ఫోర్ట్ వర్త్ ప్రాంతముల వెలసినవి. పాత బండ్ల కొరకే సామగ్రి చేయు వింటేజ్ ఎయిర్ సంస్థ 1976లో శాన్ ఆంటోనియోలోనే పుట్టినది. కనుక వలసిన వస్తువులు దొరకుట కష్టము కాలేదు. వాని నొప్పుగా ఇముడ్చుటయే కష్టము.

మేము మూడు నియమములు పెట్టుకొంటిమి. ఒకటి: బండి యొడలికి క్రొత్త రంధ్రము వేయరాదు. ఎం.జి.బి.కి వేరు చట్రము లేదు. రేకు శరీరమే దాని బలము. రెండు: తలుపు తెరచి చూచినవానికి క్రొత్త వస్తువు కంటబడరాదు. మూడు: ఎప్పుడైనను మరల విప్పి బండిని మునుపటి రూపునకు తేగలుగవలెను. విప్పిన ప్రతి వస్తువును పేరు వ్రాసి పెట్టెలో భద్రపరచితిమి.

ముందుగా వారు కోసిన రంధ్రమును అదే మందపు రేకుతో అతికి, తుప్పు పట్టకుండ రంగు వేసితిమి. పిదప ఎవాపరేటరు తెప్పించుటకు ముందే దాని కొలతలతో అట్టపెట్టె నొకటి చేసితిమి. ఆ యట్టపెట్టెను డాష్ బోర్డు వెనుక ఎన్ని విధముల త్రిప్పి చూచితిమో లెక్కలేదు. వదినగారిని సీటుపై కూర్చుండబెట్టి మోకాలు తగులునో లేదో చూచితిమి. "ఇదేమి, దర్జీ కొలతలవలె నున్నదే!" అని ఆమె నవ్విరి. సరియైన మాట. తుదకు ప్రయాణికుని వైపున, ఎత్తుగా లోపలికి, అది కుదిరినది.

ఎవాపరేటరుపై చేరు నీరు బొట్టుబొట్టుగా బయటికి పోవుటకు గొట్టము వాలుగా ఉండవలెను. లేనిచో ఆ నీరు తివాచీ క్రింద నిలిచి నేలరేకును తినివేయును. దీనికిని, వాయుగొట్టములకును నేలలోను గోడలోను మునుపే యున్న రబ్బరుమూతల రంధ్రములనే వాడుకొంటిమి.

వెనుకటి తరమువారి కంప్రెసర్లు బరువైనవి, బండినంతయు అదరగొట్టునవి. మేము తీసికొన్నది జపానువారి సాండెన్, అయిదు సిలిండర్లది, చిన్నది. దానిని పట్టియుంచు బ్రాకెటు దళసరిగా ఉండవలెను. కప్పీలు మూడును ఒకే గీతపై నిలువవలెను. నూలుపోగు వాసి తప్పినను బెల్టు అరచును, అరిగిపోవును. ఉక్కు బద్దను ఆనించి మూడుమార్లు సరిచూచితిమి. కంప్రెసరు పట్టుకొనినపుడు ఇంజను నెమ్మదించి ఆగిపోకుండ, థ్రాటిలును కొంచెము ఎత్తు చిన్న సాలినాయిడును చేర్చితిమి.

రేడియేటరు ఎందుకు మరిగినది? దాని ముందు కండెన్సరు నిలిపి, గాలిని లాగుటకు పాత పంకానే వదలియుండిరి. వేడి యెక్కువైనది, గాలి తక్కువైనది. మేము రేడియేటరునకు దళసరి కోరు వేయించి, విద్యుత్పంకాలను అమర్చి, గాలి ప్రక్కలనుండి తప్పించుకొనకుండ నలుప్రక్కల స్పాంజి పట్టీలు బిగించితిమి. ఒత్తిడి మితిమీరినను, తగ్గినను కంప్రెసరును ఆపు స్విచ్చు నొకటి పెట్టితిమి.

విద్యుత్తు లెక్క మరువరాదు. ఆ నాటి లూకాస్ ఆల్టర్నేటరు ఇచ్చునది 34 ఆంపియర్లు. దీపములు, వైపర్లు, ఇగ్నిషను వానిలో చాల భాగము తినును. పంకాలకును బ్లోయరునకును క్లచ్చునకును కలిపి మరి ఇరువదియైదు వరకు కావలెను. ఆదాయమునకు మించిన వ్యయము సంసారమునకే గాక బ్యాటరీకిని చేటు. పెద్ద ఆల్టర్నేటరు వేసి, ఒక్కొకదానికి వేరు ఫ్యూజును రిలేను పెట్టి, తీగెలను పాత తీగెల కట్టతోనే నల్లగుడ్డ చుట్టి కలిపితిమి.

ఇక అందరును మరచు పని ఒకటి కలదు. కంత గల కుండలో నీరు ఎంత పోసినను నిలువదు. ఇంజను వేడి, గేరుపెట్టె వేడి నేలనుండి వచ్చుచుండగా ఎంత యంత్రము పెట్టిన నేమి? తివాచీలు తీసి, నేలకును గోడకును గేరు సొరంగమునకును వేడి నాపు పొరలు అతికితిమి. పాత రబ్బరు అంచులన్నియు మార్చితిమి. సగము చల్లదనము ఈ పనివలననే వచ్చినదని మా నమ్మకము.

వాయువు నింపుటను మేము చేయలేదు. అక్కడ దానికి పత్రము పొందిన పనివారు కలరు. మునుపు వాడిన ఆర్-12 ఓజోన్ పొరకు చేటని అమెరికాలో 1995 తుదితో దాని తయారీ నిలిపిరి. మేము వాడిన ఆర్-134ఎ ఓజోనుకు హాని చేయదు గాని, గాలిలో కలిసినచో భూతాపమును పెంచుటలో బొగ్గుపులుసు వాయువుకంటె వెయ్యిరెట్లకు పైబడినది. కావున చుక్కైనను వదలరాదు. ఆ పనివాడు గొట్టములలోని గాలిని ముప్పావుగంట పంపుతో లాగి, శూన్యము నిలుచునో లేదో కనిపెట్టి, తరువాత తూకము వేసి వాయువు నింపెను.

మొదటి పరీక్షకు మేమే మూడు దినములు మిట్టమధ్యాహ్నము నగరపు రద్దీలో నడిపితిమి. బయట 39 డిగ్రీలున్నను గాలిరంధ్రమున 9 డిగ్రీలు కనబడినది; రేడియేటరు సూది కదలలేదు. నాలుగవ దినమున వదినగారి నడిగితిమి. ఆమె చాలసేపు బండి చుట్టు తిరిగి చూచి, "యంత్రము ఎక్కడ పెట్టితిరి, కనబడదే?" అనిరి. "కనబడకుండుటయే మా కూలి" అంటిమి.

ఆ యాదివారము వారిరువురు నూరు కిలోమీటర్లకు పైబడిన ఫ్రెడరిక్స్‌బర్గునకు పీచు పండ్లకై వెళ్లిరి. మేము వెనుక మరియొక కారులో వెళ్లితిమి, నీళ్ల డబ్బాయు రెంచీలును సిద్ధముగా పెట్టుకొని. వాని యవసరము కలుగలేదు. తిరిగివచ్చునపుడు ముందు బండి అద్దములు మూసియే యున్నవి. లోపల ఇరువురును ఏదో మాటలాడుకొనుచు నవ్వుచుండిరి. ఆ రాత్రి అన్నగారి కుమారుడు మాతో, "చిన్నాయనా, బండి అమ్ముట మానుకొంటిమి" అని చెప్పెను.

ఇందు మేము నేర్చుకొన్నది చిన్న సంగతియే. పాతదానిని పాతగా ఉంచవలెననినచో దానిని షెడ్డులో మూసి పెట్టుట చాలదు. నేటి యెండకు అది తాళగలుగునట్లు చేయవలెను. అట్లు చేయునపుడు దాని యొడలిని కోయరాదు. ఓర్పుతో కొలిచినచో చోటు అందులోనే దొరకును.

 పని తెలిసిన చిన్నవారెవరైన వివరములు కోరినచో కూటమి ముగిసిన పిదప చిత్రములను చూపెదము.